ఆకులు తుడిచే వంతు

ఇంట్లో పెంచే మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్లు లేక కాదు, నీళ్లు ఎక్కువై. ముప్పై రెండేళ్లు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఈ ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను, ఎప్పుడైనా పనికొస్తుంది. ముఖ్యంగా దళసరి ఆకుల మొక్కలు. వాటి ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, మెత్తగా, కండ ఉన్నట్టు తగులుతుంది. లోపల నీళ్లు దాచుకుని ఉంటాయి. కొన్నిటికి మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపలు ఉంటాయి, వాటిలోనూ దాచుకుంటాయి. అందుకని మూడు వారాలకోసారి, అదీ మట్టిలో వేలు దూర్చి పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. నేరుగా ఎండ తగలకూడదు. ఆకుల మీద దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవాలి. అంతే. నెల రోజులు ఎటైనా వెళ్లి వచ్చినా నిగనిగలాడుతూ అలాగే ఉంటాయి.

మా అక్క ఇచ్చిన మొక్క సరిగ్గా ఆ రకమే. మోకాలెత్తు ఉండేది. ఒక్కో కాడకు అటూ ఇటూ జతలుగా ఆకులు, నూనె రాసినట్టు నున్నగా.

బావ పోయిన నాలుగు నెలలకు అక్క తన పెద్దిల్లు ఖాళీ చేసి, ఊరికి అవతలి వైపు చిన్న అపార్ట్‌మెంటులోకి మారింది. మారే ముందు రోజు ఈ కుండీని ఒళ్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మనిషి సగమైపోయింది. పెదవులు పగిలి పొలుసులు లేచి ఉన్నాయి. బెంగ పెట్టుకుంది పాపం, అనుకున్నాను.

"కింద పెట్టక్కా, నడుం పట్టేస్తుంది."

"నీ చేతికే ఇస్తాను. రెండు చేతులూ చాచు."

చాచాను. కుండీ నా చేతుల్లో పెట్టింది కానీ తన చేతులు తీయలేదు.

"ఇక నుంచి దీన్ని నేను చూసుకుంటాను, అను."

"ఏంటక్కా, మంత్రి పదవా నాకిచ్చేది, ప్రమాణం చేయిస్తున్నావు?"

నేను నవ్వాను. తను నవ్వలేదు. "అను" అంది మళ్లీ.

అన్నాను. అప్పుడు చేతులు తీసింది.

"నీళ్లు ఎన్నాళ్లకోసారి?"

"అసలు పోయకు. దాని సంగతి అది చూసుకుంటుంది. రోజూ సాయంత్రం ఆకులు మాత్రం తుడువు. ఒక్కరోజు కూడా మానకు." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "నువ్వొక్కదానివే కదా ఉండేది?"

"నేనొక్కదాన్నే. నాకూ దానికీ పోట్లాటలేం రావులే, వెళ్లు."

ఆ ప్రశ్న ఎందుకడిగిందో అప్పుడు నాకు తట్టలేదు.

రెండు వారాల తర్వాత మా అమ్మాయి నాలుగు నెలల ట్రైనింగుకు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. తను నర్సు. వెళ్తూ వెళ్తూ కూతుర్ని నా దగ్గర దింపింది. ఏడేళ్ల పిల్ల. తెల్లారింది మొదలు నోరు మూయదు కాబట్టి మేమంతా పిచ్చుక అంటాం.

"అమ్మా, దీనికేమన్నా అయితే నేనక్కడ ఒక్క పూట ఉండలేను" అంది అమ్మాయి బస్సెక్కుతూ.

"వెయ్యిమంది పిల్లల్ని చూశానే నేను. ఒక్కదాన్ని చూసుకోలేనా?" అన్నాను.

నా బడి అలవాటు ఒకటి చెప్పాలి. క్లాసులో ప్రతి పిల్లకూ ఒక పని అప్పగించేదాన్ని. ఒకరిది బోర్డు తుడిచే వంతు, ఒకరిది కిటికీలు తీసే వంతు. పని అప్పగిస్తే పిల్లలకు బాధ్యత తెలుస్తుందని నా నమ్మకం. ఆ లెక్కనే పిచ్చుకకు మొక్క వంతు వేశాను. హాల్లో అది పడుకునే దివాను పక్కనే కుండీ పెట్టాను. రోజూ బడి నుంచి రాగానే బల్ల లాక్కుని కూర్చుని, ఒక్కో ఆకుకూ నోరు దగ్గరగా పెట్టి "హా..." అని ఊది, ఆవిరి పట్టాక గుడ్డతో తుడిచేది. వాళ్ల నాన్న కళ్లద్దాలు అలా తుడుచుకుంటాడట, చూసి నేర్చుకుంది.

"తడిగుడ్డ ఉంది కదే, ఊదడం ఎందుకు?"

"ఊదితే దానికి ఇష్టం అమ్మమ్మా."

"నీతో చెప్పిందా?"

"చెప్పలేదు. ముందుకొస్తుంది."

పిల్లల మాటలు. నవ్వుకున్నాను.

మొక్కకు ఒక నోటుపుస్తకం కూడా పెట్టాను. ప్రతి ఆదివారం కుండీని తూకం వేసి రాసేదాన్ని. మొదటి వారం నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. చుక్క నీరు పోయలేదు కాబట్టి తగ్గాలి, లేదా అలాగే ఉండాలి. మూడో వారం నాలుగున్నర. ఆరో వారం అయిదు కిలోలు దాటింది. వేలు దూర్చి చూస్తే మట్టి తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది.

బరువు ఊరికే పెరగదు. ఒకచోట పెరిగిందంటే ఇంకోచోట తగ్గి ఉండాలి. ఈ మాట ఎన్ని వందల సార్లు బోర్డు మీద రాశానో నాకే గుర్తు లేదు. అయినా ఇంకోచోటు ఎక్కడా అని ఇంట్లో ఒక్కసారి తలెత్తి చూడలేదు.

పిచ్చుకకు దాహం ఎక్కువైంది. మొదట ఎండల వల్ల అనుకున్నాను. ఎండలు పోయి వానలొచ్చాయి, దాహం పోలేదు. బడికి రెండు బాటిళ్లు, ఇంటికొచ్చాక బిందె దగ్గరే కాపురం. పెదవులు పగిలాయి. చేతి మీద చర్మం పట్టుకుని లాగి వదిలితే వెంటనే కిందికి పోవడం లేదు. మాటలు తగ్గాయి. ఒకరోజు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పిచ్చుక ఒక్క మాట మాట్లాడలేదని గమనించి, భయం వేసి, వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. షుగరు పరీక్ష చేశాడు. లేదు. కిడ్నీలు చూశాడు. బాగున్నాయి.

"ఒంట్లో నీళ్లు ఎటు పోతున్నాయో అర్థం కావడం లేదండీ" అన్నాడు.

ఎటు పోతున్నాయో నాకు అర్థమైంది ఆ గురువారం.

వాన వల్ల బడికి సెలవిచ్చారు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడినట్టుంది. కరెంటు పోయింది. జల్లు కొడుతోందని కిటికీలన్నీ బిగించాను. పిచ్చుక దివాను మీద నిద్రపోతోంది. పొద్దుపోక, ఏటా ఆరో తరగతికి చేయించే ప్రయోగం ఒకటి మొక్క మీద చేద్దామనుకున్నాను. చాలా తేలిక. ఆకులున్న కాడకు పాలిథీన్ సంచి తొడిగి దారంతో కట్టాలి. మొక్కలు ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదులుతాయి కాబట్టి, కాసేపటికి సంచి లోపల సన్నని నీటి బొట్లు కనిపిస్తాయి. ఈ మొక్క నీటిని వదులుతోందా లేదా అని చూడటమే నా ఉద్దేశం.

సంచి కట్టి, టీ పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. తడిమట్టి వాసన. వాన చప్పుడు. ఇంకో చప్పుడు కూడా... కాగితం నలిపినట్టు. ఆగి... మళ్లీ.

సంచి వైపు చూశాను.

ఒక్క బొట్టు లేదు. సంచి ఆకులకు గట్టిగా అతుక్కుపోయి ఉంది. ముఖం మీద గుడ్డ కప్పుకున్న మనిషి గాలి లోపలికి లాగితే గుడ్డ ఎలా అతుక్కుంటుందో, అలా. చూస్తుండగానే వదులైంది. మళ్లీ అతుక్కుంది.

ఫ్యాను తిరగడం లేదు. కిటికీలు మూసి ఉన్నాయి. ఎక్కడా గాలి లేదు.

గాలి ఉన్నది ఒక్కచోటే. దివాను మీద.

పిచ్చుక ఊపిరి పీల్చింది... సంచి వదులైంది. పిచ్చుక ఊపిరి వదిలింది... సంచి అతుక్కుంది. గడియారం చూసి నిమిషం లెక్కపెట్టాను. ఇద్దరివీ పద్దెనిమిది. నా చేతిలో టీ చల్లారిపోయింది.

పిల్ల నిద్రలో అటు ఒత్తిగిలి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. సంచి ఆగింది. ఎదురుచూస్తున్నట్టు... ఆగింది.

లేచి కత్తెరతో దారం తెంచి సంచి లాగేశాను. ఆ లాగుడుకు ఒక ఆకు విరిగింది. విరిగినచోట నుంచి నీళ్లు కారాయి. బొట్టు కాదు, ధార. నా మణికట్టు మీదుగా మోచేతి దాకా. గోరువెచ్చగా ఉన్నాయి. ఆ వాసన నాకు తెలుసు. నిద్రలేచిన చంటిపిల్ల మెడ వంపులో వస్తుందే, ఆ వాసన.

"స్స్... అమ్మమ్మా" అంది పిచ్చుక కళ్లు తెరవకుండానే. చేయి గుండెకు హత్తుకుంది. "చురుక్కుమంది."

పీకి పారేసే దారి ఉందనుకున్నాను అప్పటిదాకా. అదీ మూసుకుపోయింది.

అక్కకు ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. ఈసారి రెండు రింగులకే కట్ చేసింది. మూడోసారి కూడా. ఇచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా మొక్క ఎలా ఉందని అడగలేదన్నది అప్పుడు తట్టింది. నేనెలా ఉన్నానని కూడా.

పిచ్చుకను లేపి పక్కింటి టైలరమ్మకు అప్పగించాను.

"ఇంత వానలో ఎక్కడికండీ టీచరుగారూ?"

"అక్క వస్తువొకటి నా దగ్గర ఉండిపోయింది. ఇచ్చేసి వస్తాను."

కుండీని గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుంటే బరువు తొడల్లోకి దిగుతోంది. చీర తడుస్తోంది, వెచ్చగా. నాకు తెలియకుండానే మోకాళ్లు ఊపుతున్నానేమో, కండక్టరు నవ్వాడు.

"ఏంటమ్మా, మనవడా? సంచిలో పడుకోబెట్టి జోకొడుతున్నారు!"

ఊపడం ఆపాను. సంచి ఆగలేదు.

దారి పొడవునా నా ఆలోచన ఒకటే. అక్కకు తెలియదు. తెలిస్తే నాకెందుకిస్తుంది? చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మాత్ర చివర ముందు తను కొరికి చూసేది. "చేదే. ఒక్క గుక్కలో మింగెయ్" అనేది. తియ్యగా ఉందని ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. అలాంటి మనిషి.

మూడో అంతస్తు. అక్కడా కరెంటు లేదు. వరండా చివర ఉన్న చిన్న కిటికీలోంచి వచ్చే వెలుతురే వెలుతురు. తలుపు తట్టాను. లోపల అడుగులు.

"ఎవరూ?"

"నేనే అక్కా."

"నువ్వా! ఇంత వానలో..." గొళ్లెం సగం తీసిన చప్పుడైంది. ఆగింది. "చేతిలో ఏముంది?"

"కుండీ."

గొళ్లెం మళ్లీ పడింది.

ఆ చిన్న చప్పుడుతో నాకు అన్నీ తెలిసిపోయాయి. అయినా అడిగాను. ఎందుకు అడుగుతామో తెలియదు, అలాంటివి.

"నీకు తెలుసా అక్కా?"

"మెల్లగా... పక్కవాళ్లు వింటారు."

"తెలుసా?"

తలుపుకు నోరు ఆనించి గుసగుసగా చెప్పింది. "మీ బావ పోయాక తెలిసింది. ఉద్యోగం మానేశాక ఆయనకు అదే వ్యాపకం కదా, రోజూ తుడిచేవాడు. ఎండిపోయి పోయాడు. తర్వాత నేను తుడిచాను. మూడు నెలల్లో ఎలా అయ్యానో నువ్వే చూశావు."

"మానేయొచ్చుగా తుడవడం!"

"మానితే నిద్రలో వచ్చి..." ఆగిపోయింది. "పారేయడానికీ లేదు. ఆకు తుంచి చూడు, తెలుస్తుంది. చేతులు చాచి, నోటితో ఒప్పుకుని తీసుకునే మనిషి కావాలి. నాకూ ఒకావిడ నవ్వుతూనే ఇచ్చింది, చెల్లీ. నాకు ఇంకెవరున్నారు నువ్వు తప్ప?"

 సంచి నా పొట్టకు ఆని మెల్లగా పొంగుతోంది... తగ్గుతోంది.

"నీకు అరవై ఎనిమిదొచ్చాయి" అంది ఇంకా మెల్లగా. "కూతురు స్థిరపడింది. ఇంక నీకు బాధ్యతలేం లేవు కదా అనుకున్నాను."

"తుడిచేది నేను కాదు."

"మరి?"

"పిచ్చుక. నేనే దానికి వంతు వేశాను."

తలుపుకు ఇంకా దగ్గరగా జరిగిన చప్పుడైంది. తర్వాత అంది.

"నువ్వే తుడుస్తావనుకున్నానే."

అది నన్ను ఓదార్చడానికి అన్న మాట. ఇన్నేళ్లుగా తన గొంతు నాకు తెలుసు. నిజంగా జాలిపడుతూ, పొరపాటు ఎక్కడ జరిగిందో సర్దిచెబుతున్నట్టు అంది. పిల్ల చావాలని తను అనుకోలేదు. నేను చావాలనుకుంది, అంతే. ఈ రెండింటికీ చాలా తేడా ఉందని తన ఉద్దేశం.

"తలుపు తియ్యక్కా. చేతులు చాచు. ఏడేళ్ల పిల్ల."

మళ్లీ తట్టాను.

"అక్కా."

అడుగులు లోపలికి వెళ్లిపోయాయి. లోపలి గది తలుపు కూడా వేసుకున్న చప్పుడు వినిపించింది.

కుండీని గుమ్మం ముందు, తలుపుకు ఆనించి పెట్టాను. తీసుకునే చేతులు లేకపోతే ఏమవుతుందో నాకు తెలియదు. ఇంకేం చేయాలో కూడా తెలియదు. మెట్లు దిగుతుంటే పైన తలుపును మెత్తగా ఎవరో రుద్దుతున్న చప్పుడు. ఊపిరి పట్టించి... తుడిచినట్టు. అది లోపలి నుంచా, బయటి నుంచా అని వెనక్కి తిరిగి చూడలేదు.

ఇల్లు చేరేసరికి ఏడు దాటింది. కరెంటు వచ్చింది. టైలరమ్మ గుమ్మంలోంచే కేకేసింది. "టీచరుగారూ, మీ పిచ్చుక నా చెవులు తినేసింది! ఆరింటి నుంచి నోరు మూస్తే ఒట్టు!"

ఆరింటికి నేను మెట్లు దిగాను.

ఆ రాత్రి పిల్లను పక్కలో వేసుకుని ఏడ్చాను. పెదవుల మీద వేలు పెట్టి చూశాను, తడిగా ఉన్నాయి. నాలుగు రోజుల్లో పగుళ్లు మానాయి. వారానికి బుగ్గలు వచ్చాయి. డాక్టరు చూసి, "ఏం పెడుతున్నారండీ, నిగనిగలాడిపోతోంది!" అన్నాడు. అమ్మాయికి ఫోనులో అంతా బాగుందని చెప్పాను. అక్కకు నేను ఫోను చేయలేదు. తనూ చేయలేదు. రెండుసార్లు నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను. ఇక ఆ గొంతుతో నాకు పని లేదనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం పిచ్చుక చేత చూచిరాత రాయిస్తున్నాను. బడికి పట్టుకెళ్లిన బాటిల్ బల్ల మీద ఉంది, మూత తీయనే లేదు. మొన్నటిదీ అలాగే వచ్చింది. సరేలే, వానాకాలం, దాహం ఉండదు అనుకున్నాను.

రాసేటప్పుడు వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, అప్పుడే చేతి నీడ అక్షరాల మీద పడదు. అందుకని కుర్చీని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. అరగంట తర్వాత తలెత్తాను. కుర్చీ తిప్పినచోటే ఉంది. పిల్ల ముఖం మాత్రం కిటికీ వైపు ఉంది. మెడ కూడా. నడుం దాకా అటే తిరిగి ఉంది. కళ్లు వెలుతురులోకి తెరుచుకుని ఉన్నాయి. చేయి వెనకగా బల్ల మీద రాసుకుంటూ పోతోంది. పుస్తకం చూడకుండానే. అక్షరాలు తిన్నగా, గీత మీదే ఉన్నాయి.

"ఇటు తిరగవే" అన్నాను.

"తిరిగే ఉన్నాను కదా అమ్మమ్మా" అంది.

లేచి వెళ్లి కిటికీ తలుపులు మూశాను. గది చీకటైంది. పిల్ల కదల్లేదు. ఊపిరి చప్పుడు కోసం విన్నాను... వినబడలేదు. వంటగదిలోకి వెళ్లి స్విచ్చి వేశాను. వెలుతురు చారగా హాల్లోకి పడింది.

నేను తలుపు దగ్గరే నిలబడి చూశాను.

మెడ ముందు తిరిగింది. భుజాలు తర్వాత... చాలా మెల్లగా.